వాడుకలో ఉన్నది

2025 జులై మొదటి వారంలో మా ఊరి ఇల్లు అమ్మేశాం. పల్నాడులో రాతిగోడల ఇల్లు, పెరట్లో విడిగా వంటిల్లు. తమ్ముడు గుంటూరులో స్థిరపడ్డాడు, నేను హైదరాబాదులో. పాడుపడిపోతున్న ఇంటికి ఏటేటా కప్పు సవరించడం ఇక మావల్ల కాదనుకున్నాం. సామాను ఏరుకోవడానికి వెళుతూ బస్సులో పేపరు తెరిస్తే, పరిశోధన కోసం, కొత్త ఆవిష్కరణల కోసం లక్ష కోట్ల రూపాయల నిధికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపిందని వార్త. ప్రైవేటు రంగం పరిశోధనలోకి రావడానికి తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులు ఇస్తారట. లక్ష కోట్లంటే ఎన్ని సున్నాలో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ముప్పై ఏళ్లు ఫిజిక్సు పాఠం చెప్పినదాన్నే, అయినా డబ్బు దగ్గరికొచ్చేసరికి నాకు వేళ్ల మీదే నమ్మకం.

మధ్యాహ్నం పెరట్లో నిలబడి చూస్తే వంటింటి కప్పులోంచి ఆ గొట్టం కనిపించింది. సిమెంటు రేకు రంగు, నాలుగంగుళాల లావు, నెత్తిన చిన్న టోపీ. టోపీ కింద పిచ్చుకలు కూర్చిన గడ్డి వేలాడుతోంది. "అదేంటత్తా?" అని మా తమ్ముడి కూతురు అడిగింది. పొగగొట్టం అన్నాను. "మనకి ఫ్యాక్టరీ ఉండేదా?" అంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగేనాటికి మా ఇళ్లలో కట్టెలతో వంట లేదు. ఒక తరంలోనే అంత మాయమైపోయిన సంగతిని ఎలా చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

ఆ గొట్టం కూడా ప్రభుత్వం పెట్టుబడే. దేశాభివృద్ధి కోసం శాస్త్ర సాంకేతిక రంగాల మీద పెట్టిన ఖర్చులో ఒక రవ్వంత. దాన్ని మా అమ్మ నెత్తిమీద నిలబెట్టించింది నేనే.

మాకు తెలిసిన వంటిల్లంటే పొగే. రెండు పొయ్యిలు, పక్కన పొంతపొయ్యి మీద నీళ్లకాగు, మూలన పిడకల దాలిలో పాలకుండ. పత్తికట్టె, మిరపకట్టె, సర్కారుతుమ్మ, ఏది దొరికితే అది. మిరపకట్టె తడిదైతే ఆ ఘాటుకి ఊరంతా దగ్గేది. అమ్మ వంగి గొట్టంతో ఊదేది. ఊది తలెత్తేసరికి కళ్ల వెంట నీళ్లు. ఆమె ఏడుస్తోందో, పొగకి నీళ్లు కారుతున్నాయో మాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఆమెకి అది ఒక వెసులుబాటుగా ఉండేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఏడవడానికి వేరే చోటు లేదు మరి.

నేను ఆ పొగలోంచి ప్రభుత్వం డబ్బుతోనే బయటపడ్డాను. మెరిట్ స్కాలర్‌షిప్పు, సాంఘిక సంక్షేమం కాకపోయినా ప్రభుత్వ హాస్టలే, ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో నామమాత్రపు ఫీజు. 1986లో ఎమ్మెస్సీ ఫిజిక్సు పూర్తయింది. అదే ఏడు ఒక కాలేజీలో పరిశోధన సహాయకురాలిగా చేరాను. పని, పొయ్యిల పరీక్ష. నవ్వకండి. నేను కూడా మొదటిరోజు నవ్వలేదు, ఏడుపొచ్చింది. సాలిడ్ స్టేట్ ఫిజిక్సు చదివి పొయ్యి దగ్గరికే వచ్చానా అని.

పొగలేని పొయ్యికి పెద్ద చరిత్రే ఉంది, అందులో హైదరాబాదుకి ఉన్న చోటు మనలో చాలామందికి తెలియదు. వార్ధాలో గాంధేయవాదులు తయారుచేసిన 'మగన్ చూల్హా' ఒకటి. దాని తర్వాత పేరు పడింది మన హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో రూపొందిన పొయ్యి. ఆ సంస్థ ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని 'హెర్ల్' పొయ్యి అనేవారు. మట్టితో కట్టే పొయ్యికి గొట్టం పెట్టి పొగని ఇంటి బయటికి పంపించడం అందులోని కిటుకు. దాని మీద ఎస్.పి. రాజు గారు 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్' అని పుస్తకమే రాశారు. ఆలోచించండి, 1953లో. అణుశక్తి శాఖ ఇంకా ఏర్పడలేదు. ఇంకో అయిదేళ్లకి గాని, 1958 మార్చిలో, నెహ్రూ ప్రభుత్వం విజ్ఞానశాస్త్ర విధాన తీర్మానం తేలేదు. లక్షలాది వంటిళ్లలో పొగ పోవాలని ఒక ఇంజనీరు అప్పటికే పుస్తకం అచ్చువేశాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు పొయ్యిని జాతీయస్థాయిలో పట్టించుకున్నవాళ్లు లేరు. 1975లో ఆర్యభట్ట కక్ష్యలోకి వెళ్లింది. 1974లో పోఖ్రాన్ పేలింది. అమ్మ మాత్రం ఊదుగొట్టం ఊదుతూనే ఉంది.

మళ్లీ పొయ్యి గుర్తొచ్చింది ఆడవాళ్ల ఊపిరితిత్తుల కోసం అనుకుంటే పొరపాటు. 1970లలో చమురు ధరలు ఎగిశాయి, అడవులు తరిగిపోతున్నాయన్న భయం పుట్టింది. వంటచెరకు ఆదా కావాలి. అసాంప్రదాయిక ఇంధన వనరుల శాఖ 1983లో మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పొగ, స్త్రీల శ్రమ కూడా లక్ష్యాల పట్టికలో ఉన్నమాట నిజమే. కాని మేం కొలిచింది మాత్రం కట్టెని. పొగని కొలిచే పరికరం మా ల్యాబులో లేదు. ఉండాలని ఎవరూ అడగలేదు, నాతో సహా.

పరీక్ష ఎలా ఉండేదో చెప్తాను. ఒకే సైజులో కోసి, బాగా ఎండబెట్టిన కట్టెముక్కలు తూకం వేసేవాళ్లం. అల్యూమినియం గిన్నెలో కొలిచిన నీళ్లు, థర్మామీటరు, స్టాప్ వాచీ. నీళ్లు మరిగి ఎంత ఆవిరైందో చూసి, కట్టెలో ఉన్న వేడిలో ఎంత భాగం గిన్నెకి చేరిందో లెక్కకట్టాలి. కదలని మట్టిపొయ్యికి 20 శాతం వస్తే పాసు, మోసుకుపోయే ఇనుప పొయ్యికి 25 శాతం రావాలి. మా అమ్మ పొయ్యిలాంటివాటికి 10 శాతానికి మించి రాదని పుస్తకాలు చెప్పేవి. మా పొయ్యి 22 వచ్చిన రోజు సార్ స్వీట్లు తెప్పించారు. యూనిట్‌లో నేనొక్కదాన్నే ఆడపిల్లని. వాళ్లలో ఎవరూ అన్నం వార్చినవాళ్లు కాదు. ఆ మాట నేను ఒకసారి సరదాగా అంటే, "నీళ్లు మరగడానికి ఆడా మగా ఏముందమ్మా" అన్నారు సార్. ఫిజిక్సు ప్రకారం ఆయన మాటలో తప్పులేదు.

కానీ వంటంటే నీళ్లు మరగడం కాదు. జొన్నసంగటి కెలకాలంటే కుండని కాళ్ల మధ్య అదిమి తెడ్డుతో బలంగా తిప్పాలి, పొయ్యి ఆ బలానికి ఆగాలి. రొట్టె కాల్చాలంటే మంట పెనం అంచుల దాకా పరుచుకోవాలి. పెళ్లికి ఒక గిన్నె, ఇద్దరే ఉన్న రోజుకి ఇంకో గిన్నె, అన్నీ ఒకే గుంటలో కూర్చోవు. మా పొయ్యి నోరు చిన్నది, కట్టెలు పొట్టిగా నరికి పెట్టాలి. పొట్టిగా నరకడం ఎవరి పని? అడవి నుంచి మోపు మోసుకొచ్చిన మనిషే సాయంత్రం మళ్లీ గొడ్డలి పట్టాలి. మేం పొయ్యిలో ఆదా చేసిన వేడికి సరిపడా చాకిరీ పొయ్యి బయట కలిపాం. అది మా సమీకరణంలో ఎక్కడా లేదు. జీతం లేని ఇంటిచాకిరీ జాతీయాదాయంలో కనపడదని స్త్రీవాద ఆర్థికవేత్తలు రాసినవి నేను తర్వాతెప్పుడో చదివాను. థర్మల్ ఎఫిషియెన్సీలోనూ కనపడదని నాకు అంతకుముందే తెలిసుండాలి.

ఇలా కాకుండా ఆలోచించినవాళ్లు అప్పట్లో లేకపోలేదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో అమూల్య రెడ్డి గారి చొరవతో 1974లో మొదలైన 'అస్త్ర' బృందం తుముకూరు జిల్లా ఉంగ్ర అనే పల్లెలో కేంద్రం పెట్టుకుని పనిచేసింది. వాళ్ల 'అస్త్ర ఒలె' మూడు గిన్నెల పొయ్యి కర్ణాటకలో పేరు తెచ్చుకుంది. ఆ కాగితాలు మా ల్యాబులో చేతులు మారేవి. వాటిలోంచి మేం కొలతలు తీసుకున్నాం. పల్లెలో కూర్చుని పనిచేయడాన్ని తీసుకోలేదు.

1987 వేసవిలో నన్ను సర్వేకి పంపారు. మాచర్ల వైపు ఊళ్లు. శిక్షణ పొందిన కుర్రాళ్లు పొయ్యికింత అని కూలి తీసుకుని కట్టేవారు. లెక్కలు మార్చి నెలాఖరుకి తేలాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో పొయ్యిలు పుట్టగొడుగుల్లా లేచేవి. నా ఫారంలో గళ్లు: ఇంటి యజమాని పేరు (మగవాడిదే, పొయ్యికి కూడా), కట్టిన తేదీ, గొట్టం ఉందా, వాడుకలో ఉన్నదా, రిమార్కులు.

మొదటి ఇంట్లో పొయ్యి మీద కోళ్లగంప. రెండో ఇంట్లో మూడో గుంటని మట్టితో పూడ్చేశారు. మూడో ఇంట్లో గొట్టం ఊడి పెరట్లో పడుంది, పిల్లలు దాని మీద గుర్రమాడుతున్నారు. ఒకామె నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్పింది: "పొగపోతే పోయింది గానీ తల్లీ, చూరుకి చెద పట్టింది. పొగుంటే పురుగు చేరేది కాదు." ఆమె అత్తగారు వసారాలోంచి అందుకుంది: "గొట్టంలోంచి నిప్పురవ్వ లేచి బోద మీద పడితే ఎవురమ్మా దిక్కు? నువ్వొచ్చి ఆరుపుతావా?" ఇంకొకామె గొంతు తగ్గించి, "మసి తియ్యాలంటే కప్పెక్కాలి. మా ఆయన ఎక్కడు. నేనెక్కితే ఊరుకోడు" అంది. ఈ మూడో మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకుని ముందుకెళ్లిపోయాను.

ఆ ఊళ్లో సగం పొయ్యిలు కూడా వెలగడం లేదు. ఉన్నదున్నట్టు ఫారాలు నింపి తెచ్చాను. సార్ కోప్పడలేదు. ఆయన మంచిమనిషే. టీ తెప్పించి, "వాడుకలో ఉన్నదా అంటే, వాడుకోవడానికి పనికొచ్చే స్థితిలో ఉన్నదా అని అర్థం. ఇంటావిడ ఇవాళ వెలిగించిందా లేదా అన్నది మన పరిధి కాదు. ఈ శాతాలు పైకి వెళితే వచ్చే ఏడాది యూనిట్ ఉండదు. నీ ఉద్యోగమూ ఉండదు, వాళ్లకి పొయ్యీ ఉండదు" అన్నారు. నా జీతం నెలకి కొన్ని వందలు, అందులోంచి తమ్ముడి చదువుకి పంపేదాన్ని. ఆ రాత్రి కొత్త ఫారాల మీద కార్బన్ పెట్టి మళ్లీ రాశాను. గొట్టం నిలబడి ఉన్న ప్రతి ఇంటికీ 'ఉన్నది'. కోళ్లగంప ఉన్న ఇంటికి కూడా.

ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మహిళా శాస్త్రవేత్తల గురించి సభల్లో మాట్లాడమన్నప్పుడు కమలా సోహనీ గురించి చెప్పేదాన్ని. 1933లో ఆడపిల్లవని సి.వి. రామన్ సీటు నిరాకరిస్తే పట్టుపట్టి చేరిన మనిషి. వినేవాళ్లకి కళ్లు చెమ్మగిల్లేవి. ప్రయోగశాల గుమ్మం దగ్గర ఆపేసిన స్త్రీ కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. లోపలికి వెళ్లిన స్త్రీ అక్కడ ఏం చేసిందనేది అంత బాగుండదు.

ఆ మరుసటి ఏడాదే మా ఊళ్లో పొయ్యిలు వేశారు. మొదటి పొయ్యి మా ఇంట్లోనే. నేనే దగ్గరుండి కట్టించాను, ఇటుక ఇటుకకీ టేపు పట్టి. ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టం. అప్పట్లో పొగగొట్టాలకి దాన్నే వాడేవాళ్లం, ఊపిరితిత్తులని కాపాడటానికి ఆస్‌బెస్టాస్! ఆ వైరుధ్యం ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు. అమ్మ పసుపు రాసి కుంకుమ పెట్టి పాలు పొంగించింది. గది నిండా వెలుతురు. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి "అబ్బో" అన్నారు. నాన్న వంటింట్లోకి తొంగిచూడటం నాకు తెలిసి అదే మొదలు.

పండగకి వెళ్లినప్పుడల్లా అమ్మ దాని మీదే వండిపెట్టేది. నాకెంత తృప్తిగా ఉండేదో. 1992లో ఒకసారి చెప్పకుండా వెళ్లాను. వంటింట్లో పొగ. నా పొయ్యి మీద ఊరగాయ జాడీలు వరసగా పేర్చి ఉన్నాయి. దాని పక్కనే, ఆ మూలన, అమ్మ తన పాత పొయ్యి మళ్లీ వేసుకుంది. నన్ను చూసి దొంగతనం పట్టుబడ్డట్టు నిలబడిపోయింది. ఏంటమ్మా ఇది అంటే, "గొట్టం పూడిపోయిందే. పొగంతా వెనక్కి తన్నుతోంది. మీ నాన్నని రెండుసార్లు అడిగా, తమ్ముణ్ని అడిగా. కప్పెక్కి ఆడంగి పని చేస్తే నవ్వుతారంట" అంది. మరి నేనొచ్చినప్పుడు ఎలా వండుతున్నావు? "నువ్వొచ్చే ముందురోజు నేనే నిచ్చెనేసుకుని ఎక్కి కర్రతో పొడుస్తున్నా. నువ్వు కట్టించావని." అప్పటికి ఆమెకి యాభై దాటాయి. అప్పటికే ఎక్కితే ఆయాసం.

గొట్టం శుభ్రం చేయడం ఎవరి పని అన్న ప్రశ్నకి మా డిజైనులో జవాబు లేదు. ఇంట్లో చేసే పని కాబట్టి అది ఆడపని, కప్పు మీద చేసే పని కాబట్టి అది మగపని. రెంటికీ మధ్య ఆ నాలుగంగుళాల గొట్టం మూసుకుపోయింది. మాచర్ల వైపు ఆమె అయిదేళ్ల క్రితమే చెప్పింది నాకు.

తర్వాత దగ్గు. చాలా ఏళ్లు దాన్ని దగ్గనే అన్నాం. 2001లో ఆస్పత్రిలో చేర్చాం. క్షయ పరీక్ష చేశారు, లేదన్నారు. కొన్ని నెలలకి మళ్లీ చేశారు, మళ్లీ లేదన్నారు. ఒక కుర్ర డాక్టరు అడిగాడు, "ఈవిడ చుట్ట తాగుతారా?" లేదన్నాను. "ఇంట్లో ఎవరైనా?" నాన్న తాగేవారు, ఆరుబయట కూర్చుని. డాక్టరు రాసుకున్నాడు. నలభై ఏళ్లు రోజుకి అయిదారు గంటలు పొగలో కూర్చున్న మనిషిని పక్కన పెట్టుకుని మేమిద్దరం నాన్న చుట్ట గురించి మాట్లాడుకున్నాం. పొయ్యి సంగతి అతను అడగలేదంటే వైద్యం చదివినవాడు, అతనికి నేర్పలేదు. నేను చెప్పలేదు. పొయ్యిల మీద పనిచేసినదాన్ని.

ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిన్నాయని తేలింది 2003లో. సరిగ్గా ఆ రోజుల్లోనే పొగని కొలిచే పని మన దగ్గర మొదలైందని తర్వాత తెలిసింది. కల్పనా బాలకృష్ణన్ గారు, ఆమె సహచరులు కలిసి నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో నాలుగు వందల పైచిలుకు పల్లె ఇళ్లలో గాలి కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. వంటింట్లో పొగ, బయట పొగ, ఎవరు ఎంతసేపు ఎక్కడుంటారు, అన్నీ. గ్యాసు వాడే ఇళ్లలో సన్నని ధూళి ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములుంటే కట్టెలు, పిడకల ఇళ్లలో కొన్నిచోట్ల సగటున 732 దాకా ఉందని. వండే ఆడవాళ్లే అందరికంటే ఎక్కువ పీలుస్తున్నారని. మనకి ఎప్పుడూ తెలిసిన సంగతే కదా అంటారేమో. తెలియడం వేరు, లెక్కలోకి రావడం వేరు. ఆ పత్రం ప్రింటు తీసుకుని అమ్మ మంచం పక్కన కూర్చుని చదివాను. "ఏంటే అది?" అంది. "నీ వంటింటి గురించే అమ్మా" అన్నాను. "నా వంటిల్లు ఎవరికి కావాలే" అని అటు తిరిగి పడుకుంది. 2007లో పోయింది.

గ్యాసు మాటేమిటని అడగొచ్చు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది, పొదుపు సంఘాల ఆడవాళ్లకి డిపాజిట్టు లేకుండా కనెక్షన్లు. మా ఇంట్లోకి అంతకుముందే, తమ్ముడి పెళ్లితో వచ్చింది. పట్నం కోడలు పొగలో వండదు కదా, అందుకని నలభై ఏళ్లు రాని స్టవ్ నాలుగు రోజుల్లో వచ్చింది. నా మరదలి మీద కోపం లేదు, ఆమె అడిగింది కాబట్టి వచ్చింది. అమ్మ ఎప్పుడూ అడగలేదు. గ్యాసొచ్చాక కూడా నీళ్లు కాచడం, గేదెలకి ఉలవలు ఉడికించడం కట్టెల మీదే, అవి అమ్మ పనులే. 2016లో ఉజ్వల వచ్చింది, పదికోట్ల ఇళ్లు దాటింది. 2022-23లో ఆ ఇళ్లు ఏడాదికి సగటున నాలుగు సిలిండర్లు కూడా వాడలేదు. రెండో సిలిండరుకి డబ్బు ఎవరిస్తారన్నది మళ్లీ ఆ కప్పు ఎవరెక్కుతారన్న ప్రశ్నే.

రాకెట్లకి డబ్బెందుకు, పొయ్యిలకి పెట్టొచ్చు కదా అని నేను అనడం లేదు. ఆ వాదన నాకు విసుగు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. నాకప్పుడు పదిహేనేళ్లు, మా హైస్కూలు నుంచి పాతబట్టలు పోగుచేసి పంపాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ నగరాన్ని ఊడ్చిపెట్టింది, పోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. మధ్యలో ఇన్సాట్ ఉపగ్రహాలొచ్చాయి, తీరం వెంట రాడార్లొచ్చాయి, తుపాను ఆశ్రయాలొచ్చాయి. వాటిని ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండటానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. తుపాను రాని ఏడాది కూడా ఆ జీతాలు ఆగలేదు. పెట్టుబడి అంటే అది. పొయ్యికి మాత్రం కట్టినప్పుడు ఒకసారి సబ్సిడీ, అంతే. 2002లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని రాష్ట్రాలకి వదిలేసి చేతులు దులుపుకునేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టినట్టు కాగితాల మీద ఉంది. మూడు కోట్ల గొట్టాలు, మసి తీయడానికి ఒక్క మనిషికీ జీతం లేదు.

ఆ మూడు కోట్లలో నేను రాసినవి ఉన్నాయి.

పరిశోధన మీద మన దేశం ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. చాలదు, పెరగాలి, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కేంద్రం పెట్టే దాంట్లో సగానికి మించి రక్షణ, అంతరిక్షం, అణుశక్తి శాఖలదే. పరిశోధన పనిలో నేరుగా ఉన్నవాళ్లలో 2018 నాటికి స్త్రీలు 16.6 శాతం. నా విద్యార్థిని ఒకమ్మాయి, పిల్లల కోసం ఆరేళ్లు ఇంట్లో ఉండిపోయి, మహిళా శాస్త్రవేత్తల పథకంలో మూడేళ్ల ఫెలోషిప్పుతో మళ్లీ ల్యాబుకి వెళ్లింది. మూడేళ్లయ్యాక మళ్లీ ఇంట్లోనే ఉంది, ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెబుతూ. ఆమె వినియోగ ధ్రువపత్రం మాత్రం ఏ లోపం లేకుండా పైకి వెళ్లింది. ఆమె గురించి వేరేగా రాయాలి, ఆమె ఒప్పుకుంటే.

లక్ష కోట్ల వార్తలో ఆడవాళ్ల ప్రస్తావన ఉందేమోనని బస్సులో రెండుసార్లు వెతికాను. ఉంటే మాత్రం ఏమవుతుంది? నా ఫారం నిండా ఆడవాళ్లే ఉన్నారు.

సాయంత్రం ఇల్లు కొన్నవాళ్ల మనిషి రేకులిప్పడానికి వచ్చాడు. గొట్టాన్ని గునపంతో పగలగొట్టబోతుంటే ఆపాను. పొడి లేస్తుంది, మంచిది కాదు, తడిపి అలాగే దించమన్నాను. గొణుక్కుంటూనే దించి, గోనెపట్టా మీద పడుకోబెట్టాడు. తమ్ముడి కూతురు ఫోను లైటు వేసి ఒక చివర నుంచి పట్టుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండో చివర నుంచి చూశాను. కర్ర రాసుకున్న గీతలు కనిపించాయి, పొడుగ్గా, వంకరగా. మసి మాత్రం పల్చటి పొర, గోటితో గీకితే పోయేంత.

పెట్టెలో పాత కాగితాల్లో మా ఊరి సర్వే కార్బన్ కాపీ కూడా దొరికింది. 1989 నాటిది. మొదటి వరసలో నాన్న పేరు, కట్టిన తేదీ, గొట్టం ఉన్నది, వాడుకలో ఉన్నది. చేతిరాత నాదే. ఆ గడి నింపేటప్పుడు అమ్మని అడిగానా అని గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. రిమార్కుల గడి ఖాళీగా ఉంది.

"అక్కా, ఈ గొట్టం ఎక్కడ పారెయ్యాలి?" అని తమ్ముడు వాకిట్లోంచి కేకేశాడు.